స్నిగ్ధత

పంజాగుట్ట నుండి అమీర్‌పేట వరకు అడుగడుగునకు ఆగి సాగు వేసవి వాహనశ్రేణిలో కాగిన కారు సర్వీసునకు చేరినప్పుడు అందు పోయు నూనెకు పేరైన ‘ఆయిల్’ అను పదము ఆలివు ఫలమునుండి పుట్టిన లాటిను మాటకు సంతతి కాగా, మన తైలము తిలలనుండి జనించినది. నువ్వుల నెయ్యియే నూనె. ఆ ఇంజను నూనె డబ్బామీది 5డబ్ల్యూ-30లో డబ్ల్యూ శీతకాలమునకు గుర్తు. 30 అనునది 100 డిగ్రీల సెల్సియసు వేడిమిలో నిలుచు చిక్కదనపు తరగతి.

ఆ చిక్కదనమునకు మన భౌతికశాస్త్ర గ్రంథములు పెట్టిన పేరు స్నిగ్ధత. ఎంత చక్కని పేరు! స్నేహమును ఆ పదపు ధాతువునుండియే పుట్టినది. సంస్కృతమున స్నేహమనగా నూనెయు, అనురాగమును. అయినను ఎండలు ముదిరినవని, తయారీదారు పుస్తకము చెప్పని చిక్కని నూనెను పోయించుట నాకు సమ్మతము కాదు. చల్లబడిన యంత్రము మేల్కొను తొలి క్షణములలో అది లోహపు సందులకు ఆలస్యముగా చేరును, ఆ ఆలస్యముననే అరుగుదల.