గుత్తిసీమయు అపొస్తలపారంపర్యవివాదమును

విద్యకు సంప్రదాయ మెంత ముఖ్యమో మన దేశమునఁ జెప్ప నక్కఱలేదు. బృహదారణ్యకోపనిషత్తునందలి వంశబ్రాహ్మణము గురుశిష్యుల వరుసను బేరుపేరునఁ జెప్పుచున్నది. మఠములయందు గురుపరంపర నేఁటికిని స్మరింపఁబడుచున్నది. క్రైస్తవసంఘములయందును దీనికిఁ గొంత సదృశమగు సిద్ధాంతము కలదు. అపొస్తలులు తమ యధికారమును హస్తనిక్షేపణముచే బిషప్పుల కొసఁగిరనియు, ఆ వరుస తెగక నేఁటివఱకు వచ్చినదనియు దాని సారము. ఇదియే అపొస్తలపారంపర్యము. ఈ వరుసలోఁ జేరని సేవకుఁ డిచ్చిన ప్రభుభోజనము చెల్లునా యనునది వివాదాంశము. ఇంగ్లండునందలి గ్రంథములలోఁ బెరిగిన యీ వివాదమువలన విడిపోయినవారు మాత్రము దత్తమండలముల పల్లెలయందలి క్రైస్తవులు. గుత్తి, నంద్యాలల చరిత్రములను బ్రక్కప్రక్కల నుంచి చూచిన నిది తేటపడును.

1800లో నిజాము ఆంగ్లకంపెనీ కిచ్చిన సీమలలో గుత్తియు నొకటి. ఆ సీమలను జక్కఁబెట్టిన తామస్ మన్రో 1827 జూలై 6వ తేదీన పత్తికొండకడ విషూచిచే మృతినొంది గుత్తియందు ఖననము చేయఁబడెను. 1831లో నతని యస్థులు చెన్నపట్టణపుఁ గోటలోని సెయింట్ మేరీ దేవాలయమునకుఁ జేర్పఁబడెను. ఇట్లు ఆంగ్లికను మతము ప్రభువుల మతముగా నీ సీమకుఁ దెలిసియున్నను, గుత్తిపల్లెలలో బోధించినవారు లండన్ మిషనువారు. వారిలో జాన్ హాండ్స్ 1810లో బళ్లారికి వచ్చెను. 1882లో అనంతపురము ప్రత్యేకమండలమగువఱకు గుత్తి బళ్లారిమండలములోనిదే. 1795లో నేర్పడిన యీ మిషను మఱుసటియేఁట నొక మూలసూత్రమును జేసికొనెను. బిషప్పుల పాలనముగాని, పెద్దల పాలనముగాని, స్వతంత్రసంఘపద్ధతిగాని యన్యదేశముల కెగుమతి చేయరాదనియు, సువార్తనే ప్రకటింపవలెననియు, సంఘపాలన మెట్లుండవలెనో మతము స్వీకరించినవారే నిర్ణయించుకొనవలెననియు నా సూత్రము. ఈ స్వాతంత్ర్యము కాగితముమీఁదనే నిలిచెనా, ఆచరణమునకు వచ్చెనా యను ప్రశ్నకు 1947లో నుత్తరము దొరకెను.

నంద్యాల ప్రాంతమున నాంగ్లికనులగు సువార్తవ్యాప్తి సంఘమువారు పనిచేసిరి. వారి పద్ధతియందు బిషప్పు లేనిది సంఘమే లేదు. గుత్తి, నంద్యాలలు రెండును క్షామపీడితములగు సీమలే. భాష యొక్కటి, బైబిలు ఒక్కటి. జ్ఞానస్నాన విషయమునను భేదము లేదు. ప్రభువుబల్ల దగ్గఱ మాత్రము వేఱుపాటు కలిగెను.

తెలుఁగు బైబిలును బరిశీలించిన పండితునికి వివాదమూలము గోచరించును. తీతు పత్రిక మొదటి యధ్యాయమున నైదవ వాక్యమందు 'పెద్దల' నియామకము చెప్పఁబడి, ఏడవ వాక్యమున ఆ పదవియే 'అధ్యక్షుఁడు' అను శబ్దముచే వ్యవహరింపఁబడినది. గ్రీకున నివి ప్రెస్బుతెరోస్, ఎపిస్కొపోస్ అను పదములు. బిషప్ శబ్దము రెండవదానినుండి పుట్టినది. తిమోతికి హస్తనిక్షేపణము చేసినది పెద్దలని మొదటి పత్రికయు (4:14), పౌలని రెండవ పత్రికయు (1:6) చెప్పుచున్నవి. పెద్దల పాలనమును గోరువారికి మొదటి వాక్యము, బిషప్పుల పక్షమువారికి రెండవది యాధారములైనవి. క్రీ. శ. 180 ప్రాంతమున ఐరేనియసు రోమా బిషప్పుల వరుసను జెప్పినది ప్రధానముగా బోధ చెడకుండుటను నిరూపించుటకే. అనఁగా నది మన గురుపరంపరవలె విద్యాపారంపర్యము. అధికారపారంపర్యమను భావము తరువాతఁ బ్రబలినది.

ఆంగ్లికనులలోనే యేకాభిప్రాయము లేదు. 1868లో లైట్‌ఫుట్ పండితుఁడు బిషప్పు పదవి పెద్దల పదవినుండియే క్రమముగాఁ బైకి వచ్చినదని వాదించెను. చార్లెస్ గోర్ పారంపర్యము సంఘమున కవశ్యకమనెను. అయినను 1889లో 'లక్స్ ముండి' యను సంపుటమును బ్రకటించి, బైబిలు విషయమున నవీనవిమర్శను స్వాగతించినవాఁడును ఆ గోరే. కావున ఉదారవేదాంతులందఱును బారంపర్యమును ద్రోసివేసిరనుట సరికాదు. లండన్ మిషనువాఁడై బళ్లారిసీమలోఁ బనిచేసిన బెర్నార్డ్ లూకాసు 1907లో 'క్రీస్తు సామ్రాజ్యము' అను నర్థముగల పేరితో నాంగ్లగ్రంథమును వెలువరించెను. ఒక్కొక్కరిని వేఱుచేసి సంఘమునఁ జేర్చుటకంటె, భారతదేశపు మతజీవనమంతయుఁ గ్రీస్తుభావముతో నిండుట ముఖ్యమని యతని మతము. గోరు ఉదారతకుఁ బారంపర్యము హద్దు. లూకాసు ఉదారతకు సంఘపు గోడయే హద్దు కాదు.

1919 మే నెలలో తరంగంబాడిలోఁ గూడిన సభ ఐక్యతకు బీజము నాటెను. ఆంగ్లికనులలో మొదటి భారతీయ బిషప్పగు దోర్నకల్ అజరయ్య దానికిఁ బ్రధానప్రేరకుఁడు. సంఘభేదములు పాశ్చాత్యదేశముల కొక దౌర్బల్యము కావచ్చును గాని యిచ్చటఁ బాపమని 1927లో లోసాన్ సభయందతఁడు వాదించెను. ఇంగ్లండున బ్రతికూలత బలముగా నుండెను. 1943లో టి. ఎస్. ఎలియట్ ఈ యైక్యపథకమును ఖండించుచుఁ జిన్నపుస్తకమును వ్రాసెను. చివరకుఁ గుదిరిన యొడంబడిక యిది: చారిత్రకమగు బిషప్పు పదవి యుండవలెను, కాని దానిని గూర్చిన యే యొక్క వ్యాఖ్యానమును సభ్యులపై విధింపరాదు. ఇఁకమీఁద నభిషేకములన్నియు బిషప్పులే చేయుదురు. పూర్వపు సేవకులకు మరల నభిషేక మక్కఱలేదు. ఏ సంఘమునకును దాని యంతరాత్మ యొల్లని సేవకుని బలవంతముగాఁ బంపరాదు.

1947 సెప్టెంబరు 27వ తేదీన చెన్నపట్టణమున దక్షిణభారతసంఘ మేర్పడఁగా, గుత్తిలోని లండన్ మిషను సంఘములు దక్షిణభారత ఐక్యసంఘముతోఁగూడ నందుఁ జేరెను. బిషప్పులు లేక పెరిగినవారు బిషప్పుల నంగీకరించిరి. నంద్యాలలోఁ బెక్కండ్రు ఆంగ్లికనులు చేరక కలకత్తా మెట్రోపాలిటనుకు లోఁబడి నిలిచిరి. ఆ నిలుకడకు సిద్ధాంత మొక్కటే కాక పూర్వసంఘాభిమానమును గారణమే. అయినను బారంపర్యము తెగునను భయము వారి వాదములకు మాట నిచ్చెను. 1955లో నింగ్లండు సంఘసభలు క్రొత్తసంఘపు బిషప్పుల యభిషేకములను సమ్మతించెను. ఐక్యసంఘమునుండి వచ్చిన హోస్పేట సుమిత్ర 1954 మొదలు 1962 వఱకు దక్షిణభారతసంఘమున కధ్యక్షుఁడాయెను. నంద్యాల 1970లో నుత్తరభారతసంఘముతోఁగూడి, 1975లో దక్షిణభారతసంఘమునఁ గలిసెను.

ఈ యిరువదియెనిమిదేండ్ల వేఱుపాటు ఒక విషయమును స్థిరపఱచుచున్నది. పదవిని స్వీకరించుట వేఱు, ఆ పదవిని గూర్చిన వ్యాఖ్యానమును స్వీకరించుట వేఱు. 1796 నాఁటి సూత్రము తమ కొసఁగిన స్వేచ్ఛను గుత్తివారు బిషప్పులను వలదనుటకుఁ గాక కావలెననుటకు వినియోగించిరి. అందుచేతఁ దమకు మున్ను ప్రభుభోజన మొసఁగిన బోధకులు నిజమైన సేవకులు కారని యొప్పుకొనవలసిన దుర్గతి వారికిఁ గలుగలేదు. వ్యాఖ్యానమును విడిచిన పదవి నిలువదని నంద్యాలవారు తలఁచిరి. అయినను 1975లో నా పదవినే, ఆ యొడంబడికక్రిందనే, వారును స్వీకరించిరి.