పిడికెడు బియ్యం, నాలుగు తీగలు

మా అమ్మ ట్రంకుపెట్టె అడుగున నల్ల అట్ట వేసిన పొడుగాటి లెక్కల పుస్తకం ఒకటి ఉంది. సింగరాయకొండలో మా సంఘపు స్త్రీల సమాజానికి అమ్మ పదకొండేళ్లు కోశాధికారిగా ఉంది. ఆ పుస్తకంలో 1989 మార్చి నెల పేజీలో ఒక పద్దు: గిటారు నిమిత్తం యువజనులకు ఇచ్చినది, 2,800 రూపాయలు. దాని పక్కనే గుండుసూదితో గుచ్చిన రసీదు. రసీదు మీద అమ్మ పేరు లేదు, స్త్రీల సమాజం పేరూ లేదు. మా పెద్దనాన్న కొడుకు, నేను అన్న అని పిలిచే మనిషి పేరుంది.

ఇరవై ఏళ్లకు పైగా కాలేజీలో చరిత్ర పాఠం చెబుతున్నాను. స్త్రీ శక్తి సంఘటన 1986లో తెచ్చిన 'మనకు తెలియని మన చరిత్ర' నుంచి నేర్చుకున్న పద్ధతినే పిల్లలకీ చెబుతూ వచ్చాను: రాసిపెట్టినదాన్ని నమ్మే ముందు రాయని వాళ్లని వెళ్లి అడగండి అని. అదే ఇంట్లో, అదే పెట్టెలో ఉన్న ఈ పుస్తకాన్ని మాత్రం పోయిన ఏడాది దాకా విప్పి చూడలేదు. అన్న కూతురు తనకు బేస్ గిటార్ కావాలని అడగడంతో పాత గిటార్ సంగతి తవ్వాల్సి వచ్చింది.

ముందు ఆ 2,800 రూపాయలు ఎక్కడివో చెప్పాలి. మా సంఘంలో ఆడవాళ్లు అన్నానికి ఎసరు పెట్టేటప్పుడు కొలిచిన బియ్యంలోంచి ఒక పిడికెడు తీసి వేరే డబ్బాలో వేసేవాళ్లు. ఆదివారం ఆ బియ్యం గుడికి తెచ్చి కుప్ప పోసి అమ్మేవాళ్లు. అమ్మ లెక్క ప్రకారం అప్పట్లో కిలో నాలుగు రూపాయలు. అంటే ఆ గిటార్ ఖరీదు ఏడు వందల కిలోల బియ్యం. పిడికెడు యాభై గ్రాములనుకుంటే పద్నాలుగు వేల పిడికిళ్లు. మా పల్లెలో నలభై ఇళ్లు. నలభై మంది ఆడవాళ్లు రోజుకొక్క పిడికెడు చొప్పున సుమారు ఏడాది పాటు తమ కంచంలోది తగ్గించుకుంటే ఆ వాద్యం వచ్చింది. వాళ్లలో సగంమంది పొగాకు గ్రేడింగుకి వెళ్లేవాళ్లు, మిగతావాళ్లు మిరప కోతలకీ పత్తి తీతకీ.

అన్న మద్రాసు వెళ్లి కొనుక్కొచ్చాడు. మా స్టేషన్లో రైలెక్కితే మద్రాసే. 1899లో బెజవాడ–మద్రాసు లైను పూర్తయినప్పటి నుంచీ మా ప్రాంతపు సంగీతానికి ఆ రైలే దారి. 1842లో మిస్క్విత్ కంపెనీగా మొదలైన మ్యూజీ మ్యూజికల్ ఉన్నది మౌంట్ రోడ్డులోనే. తెలుగు సినిమా పాటలు రికార్డయిందీ చాలాకాలం ఆ ఊళ్లోనే. 1991కి ముందు విదేశీ వాద్యం కొనడం మామూలువాళ్ల పని కాదు. దిగుమతి ఆంక్షలూ సుంకాలూ ఉండేవి. గివ్సన్ లాంటి కలకత్తా గిటార్లతో సరిపెట్టుకోవాలి, లేదంటే సినిమా వాద్యబృందాల్లో ఎవరైనా పాతది అమ్ముకుంటే దొరకాలి. అన్నకి అలాగే దొరికింది. పదిహేను రోజులు కోడంబాక్కంలో తిరిగి, బేరమాడి, ఒక పాత బేస్ గిటార్ని దుప్పట్లో చుట్టుకుని తెచ్చాడు. ఆ ప్రయాణం కథ ఇప్పటికీ పండగలకి చెబుతాడు. ఎవరు అమ్మారు, ఎంత అడిగారు, నెక్ వంగిందని చూపించి ఎంత తగ్గించాడు, ఏ తీగ ఎక్కడ కొన్నాడు అంతా చెబుతాడు. వాద్యాలు కొనేవాళ్లు, అమ్మేవాళ్లు కూర్చుంటే మాటలన్నీ ఇలాగే ఉంటాయి, వినడానికి బాగుంటాయి కూడా. ఆ కథలో బియ్యం లేదని నేనూ ఎప్పుడూ గమనించలేదు.

బేస్ గిటార్ అంటే తెలియనివాళ్లకి ఒక మాట. మామూలు గిటార్‌కి ఆరు తీగలు, దీనికి నాలుగు, లావుపాటివి. అన్నిటికన్నా లావు తీగ కంపనం సెకనుకి సుమారు 41 సార్లు. మన చెవి పట్టగల శబ్దాల్లో దాదాపు అడుగున ఉంటుంది. సెల్‌ఫోను స్పీకరు దాన్ని సరిగా పలికించలేదు. పాట వింటున్నప్పుడు బేస్ ఉందని చాలామంది గుర్తించరు. అది ఆగిపోతే మాత్రం పాట కింద నేల లేనట్టుంటుంది. ఇంటి పనిని వర్ణించడానికి ఇంతకన్నా దగ్గరి పోలిక నాకు దొరకలేదు. కానీ పోలికతో ఆగితే ప్రమాదం. స్త్రీలని 'కనిపించని పునాది' అని పొగిడి పునాదిలోనే ఉంచేయడం మనకి కొత్త కాదు. అందుకే నా ప్రశ్న సొమ్ము గురించీ చేతుల గురించీ: ఎవరు డబ్బిచ్చారు, ఎవరు తయారుచేశారు, ఎవరు వాయించారు, ఎవరి పేరు రాశారు.

తయారీ సంగతి చూద్దాం. విద్యుత్ బేస్ గిటార్‌కి మొదటి రూపాల్లో ఒకటి 1930లలో సియాటిల్లో పాల్ టుట్‌మార్క్ చేశాడు. ఆయన బృందంలో దాన్ని వాయించింది భార్య లొరేన్. ప్రపంచమంతా వ్యాపించిన నమూనా 1951లో కాలిఫోర్నియాలోని ఫుల్లర్టన్‌లో లియో ఫెండర్ కంపెనీ తెచ్చిన ప్రెసిషన్ బేస్. వీణకి మెట్లున్నట్టు దీనికి ఫ్రెట్లు ఉంటాయి కాబట్టి స్వరం కచ్చితంగా పలుకుతుందని ఆ పేరు. ఆ కర్మాగారంలోకి 1956లో అబిగైల్ ఇబర్రా అనే స్త్రీ పనికి వచ్చింది. తీగ కంపనాన్ని విద్యుత్తుగా మార్చే పికప్‌లకి వెంట్రుక లాంటి రాగి తీగ వేల చుట్లు చుట్టడం ఆమె పని. 2013లో విరమించేదాకా చేసింది. ఆమె చుట్టిన పికప్‌ల మీద ఆమె పొడి అక్షరాలుంటాయి. ఇవాళ పాత గిటార్లు కొనేవాళ్లు ఆ అక్షరాల కోసం వెతికి మరీ ఎక్కువ ధర పెడతారు. ఒక కార్మికురాలి సంతకానికి బజారులో విలువ రావడం సంతోషమే. అయితే ఆ పెరిగిన విలువ చేరేది అమ్మేవాడికి, చుట్టిన చేతికి కాదు.

వాయించిన చేతుల సంగతి. కరోల్ కే 1935లో పుట్టింది. మొదట గిటార్ వాయించేది. 1963లో హాలీవుడ్‌లో ఒక రికార్డింగుకి బేస్ వాయించాల్సినతను రాకపోతే ఆ గిటార్ అందుకుంది. ఆమె పాల్గొన్న రికార్డింగులు పదివేల దాకా ఉంటాయని అంచనా. అప్పటి రికార్డుల అట్టల మీద వాద్యకారుల పేర్లు చాలాసార్లు ఉండేవి కావు. మన సినిమా పాటలకీ అదే గతి కదా. 2025లో రాక్ అండ్ రోల్ హాల్ ఆఫ్ ఫేమ్ గౌరవం ప్రకటిస్తే ఆమె వద్దంది. మన దగ్గర ముంబైలో 1996లో పుట్టిన మోహినీ దే టీనేజిలోనే రెహమాన్ బృందంలో బేస్ వాయించింది. ఆమె తండ్రి బేస్ వాద్యకారుడు, నేర్పింది ఆయనే. ఈ ఇద్దరి ప్రతిభ గురించి సందేహం లేదు. నేను చూస్తున్నది తలుపు ఎలా తెరుచుకుందనేది. ఒకరికి మగవాడు రాకపోవడం వల్ల. ఇంకొకరికి వాద్యం ఇంట్లోనే ఉండడం వల్ల. మా పల్లెలో మగపిల్లలు ఎప్పుడూ రాకుండా ఉండలేదు. వాద్యం గుడి బీరువాలో ఉండేది, తాళం యువజన సంఘం దగ్గర.

ఆ రోజుల్లో నేను ముందు వరసలో నిలబడి పాడేదాన్ని. వెనక నుంచి బేస్ మోగితే పాదాల కింద బండ అదిరేది. ఒకసారి ప్రాక్టీసు అయ్యాక తీగ మీటి చూశాను. "అమ్మాయ్, దాన్ని తాకబాక, శ్రుతి పోద్ది" అన్నాడు అన్న. కోపంగా అనలేదు. ముద్దుగానే అన్నాడు. అందుకే అప్పుడు నాకు బాధ కలగలేదు.

దీనికి వెనక ఇంకో పొర ఉంది. మా ముత్తాతల చేతిలో డప్పు ఉండేది. ఒంగోలుకి 1866లో వచ్చిన జాన్ క్లౌ మిషను కాలంలో, కరువు తర్వాత 1878 జూలై 3న ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. మతం మారిన మాదిగలు గ్రామదేవతల జాతర్లలో డప్పు కొట్టబోమన్నారు, అందుకు పెత్తందార్ల చేతిలో బాధలూ పడ్డారు. వెట్టి వాద్యాన్ని కింద పెట్టడం ఆత్మగౌరవమే. వందేళ్ల తర్వాత గుళ్లోకి బేస్ వచ్చినప్పుడు ముసలివాళ్లు తలలూపడం నాకు గుర్తుంది. ఆ లోతు శబ్దం వాళ్లకి కొత్త కాదేమో. కానీ డప్పు నుంచి బేస్ దాకా దేవుడు మారాడు, వాద్యం మారింది, పట్టుకునే చెయ్యి మాత్రం మగవాడిదే. దళిత స్త్రీలు డప్పు అందుకుని సభల్లో వాయించడం మనం చూస్తున్నది ఇటీవలి దశాబ్దాల్లోనే.

క్లౌ ఆత్మకథ 1914లో వచ్చింది, ఆయన పోయిన నాలుగేళ్లకి. రాసింది భార్య ఎమ్మా రౌషెన్‌బుష్ క్లౌ. ఆమె అప్పటికే 1899లో మాదిగల కథనాలతో సొంతంగా పుస్తకం తెచ్చిన రచయిత్రి. అయినా ఆత్మకథలో 'నేను' అంటే ఆయనే. ఆమె ఆయన కోసం రాసిపెట్టిన భార్య అని ముఖపత్రం చెబుతుంది. కనీసం ఆ మాత్రమైనా చెబుతుంది. మా రసీదు అదీ చెప్పలేదు.

ఆ గిటార్ 2004లో అమ్ముడుపోయింది. అప్పటికి కీబోర్డులు వచ్చాయి, ఎడమచేత్తో బేస్ కూడా వాయించేయొచ్చన్నారు. సముద్రపు గాలికి తీగలు తుప్పు పట్టాయన్నారు. కావలి నుంచి ఎవరో వచ్చి వెయ్యి రూపాయలకి పట్టుకుపోయారు. స్త్రీల సమాజాన్ని ఎవరూ అడగలేదు. అమ్మ పుస్తకంలో ఆ వెయ్యి రాలేదు.

"నువ్వైనా అడగలేదా అమ్మా?" అన్నాను.

"ఏమని అడగాలే? మేమిచ్చింది దేవుడికి. వాయించుకుంది పిలకాయలు. అమ్ముకుంది పెద్దోళ్లు" అంది. కాసేపాగి, "అయినా రాసి పెట్టా గదా. ఎప్పుడో ఒకరు చూస్తారని" అంది.

పోయిన ఏడాది అన్న కూతురికి ఒంగోల్లో పాత బేస్ గిటార్ అమ్మకానికుందని తెలిసింది. ముగ్గురం వెళ్లాం. అమ్మే అబ్బాయి ధర చెప్పిందీ, తీగలు చూపించిందీ అన్నకే. పిల్ల మాట్లాడకుండా గిటార్ ఒళ్లో పెట్టుకుని ఒక్కో ఫ్రెట్ దగ్గర నొక్కి విన్నది, ఎక్కడైనా జరజరమంటుందేమోనని. పన్నెండో ఫ్రెట్ దగ్గర స్వరం, ఖాళీ తీగ స్వరం కలుస్తున్నాయో లేదో చూసింది. కంటి ఎత్తుకి లేపి నెక్ వంపు చూసింది. వైరు గుచ్చే చోట కదిపితే గరగరమంది. "జాక్ వదులైంది, మార్పించాలి" అంది. అబ్బాయి అప్పుడు మొదటిసారి ఆమె వైపు తిరిగాడు. "చెల్లికి ఇది పెద్దదవుద్దండి, బరువు కూడా. ముప్పై అంగుళాల చిన్న స్కేలుది తీసుకోండి, ఆడపిల్లల చేతులకి అదే సుఖం" అన్నాడు, మళ్లీ అన్నతో.

తీగ పొడవు ప్రెసిషన్ బేస్‌కి 34 అంగుళాలు, చిన్న రకానికి 30. చిన్నది వాయించడం తప్పేం కాదు. పాల్ మెకార్ట్‌నీ 1961లో హాంబర్గ్‌లో కొన్న హాఫ్‌నర్ ముప్పై అంగుళాలదే. ఆయన చేతుల గురించి ఎవరూ మాట్లాడలేదు. కరోల్ కే వాయించింది 34 అంగుళాల ఫెండర్. ఇక బరువంటారా, అది నాలుగైదు కిలోలు ఉంటుంది. కళ్లంలో మిరపకాయల బస్తాకి చెయ్యేసే ఆడవాళ్లున్న చోట ఆ మాట ఎలా వచ్చిందో!

పిల్ల నవ్వి, జాక్ ఖర్చు తగ్గించమని బేరమాడి తీసుకుంది. రసీదు అడిగితే, పాత వస్తువుకి రసీదేంటన్నాడు. నోటుపుస్తకంలో కాగితం చింపి తనే రాసింది: తేదీ, గిటార్ వివరం, ఆరు వేల రూపాయలు, కొన్నవారు అని తన పేరు. అతనిచేత సంతకం పెట్టించింది. నాకు గర్వంగా అనిపించింది. ముప్పై ఆరేళ్ల నాటి రసీదు దిద్దినట్టే అనుకున్నాను.

ఇంటికొచ్చి అమ్మకి చూపించాం. కళ్లజోడు పెట్టుకుని రెండుసార్లు చదివింది. "బాగానే రాశావు గానీ, డబ్బులెవరిచ్చారే?" అంది.

వదిన పొదుపు సంఘంలో అప్పు తెచ్చి ఇచ్చింది. నెల నెలా కట్టాల్సింది ఆవిడే. ఆ సంగతి మా ముగ్గురికీ తెలుసు. ముగ్గురిలో ఒకరం చరిత్ర పాఠం చెప్పేవాళ్లం.

పిల్ల కలం తీసుకుని కింద ఇంకో వరస రాసింది. వాళ్లమ్మ పేరు, సంఘం పేరు, కిస్తీ ఎంతో. అమ్మ ఆ కాగితం తీసుకెళ్లి నల్ల అట్ట పుస్తకంలో, 1989 మార్చి పేజీలో పెట్టింది.