డయలౌట్: దినము నుండి ద్వారము దాఁక

డెబియన్ లినక్సునందు సీరియల్ పోర్టును తెఱవఁబోయి ‘పర్మిషన్ డినైడ్’ అను తిరస్కారము నందుకొన్నవాఁడు, తీఁగను, పరికరమును శంకింపక మునుపు, ‘డయలౌట్’ అను గుంపులో తన పేరున్నదో లేదో చూచుకొనవలెను.

దినవాచకమైన లాటిన్ ‘డియెస్’ నుండి పుట్టి, మన ‘దివ’ శబ్దమునకు జ్ఞాతియై, తొలుత నీడగడియారమునకు, పిమ్మట గడియారపు ముఖమునకు, ఆపై టెలిఫోనుమీఁది అంకెల చక్రమునకు పేరైన ‘డయల్’, మోడెముల కాలమున సీరియల్ పోర్టుగుండ బయటికి ఫోను కలుపు అధికారమునకు సంకేతమయ్యెను. మోడెములు మూలఁబడినను గుంపు పేరు మాఱలేదు.

కావున గుంపులో పేరు లేనివాఁడు ‘యూజర్‌మాడ్’ ఆజ్ఞతో అందుఁ జేరి, ఒకసారి లాగౌట్ చేసి మరల ప్రవేశింపవలెను. ఏలయన గుంపుల పట్టిక ప్రవేశవేళనే నిర్ణీతమగును. దీనికి బదులుగా పోర్టుకిచ్చు, అందఱికిని ద్వారము తెఱచు ‘666’ అనుమతి, పరికరమును ఊడఁదీసి మరల తగిలించినంతనే పోవునది. తాత్కాలికమే కాదు, అవివేకము కూడ.