క్యాంపర్ వ్యాన్

సీట్లు తగ్గించి పడక, వంట, నీటి వసతులు అమర్చుకున్న ప్రయాణికుల వ్యాన్. తెలుగువారికి సినిమా షూటింగుల కారవాన్‌గానే ఎక్కువ పరిచయం. ఎచ్చెర్ల మీదుగా 16వ నంబరు జాతీయ రహదారిపై వచ్చి కళింగపట్నం, బారువ తీరాల్లో రాత్రి బస చేసేవారికి ఏసీ కంటే ముందు కావలసినవి కిటికీలకు దోమతెరలు, ఫ్యాన్లు. అక్కడి ఉక్కపోత అలాంటిది. 12 వోల్టుల, 100 ఆంపియర్-అవర్ బ్యాటరీలో సుమారు 1,200 వాట్-అవర్ల విద్యుత్తు ఉంటుంది. 25 వాట్ల ఫ్యాన్లు రెండు పది గంటలు తిరిగితే 500 వాట్-అవర్లు ఖర్చు. రాత్రంతా ఏసీ అంటే మాత్రం అత్యాశే. వంటగ్యాస్ గాలికన్నా బరువైనది. లీకైతే అడుగునే పేరుకుంటుంది కనుక సిలిండర్ ఉంచే అర అడుగున బయటికి రంధ్రం తప్పనిసరి. ఉప్పుగాలికి మామూలు ఇనుప మేకులు త్వరగా తుప్పుపడతాయి, స్టెయిన్‌లెస్ స్టీల్ మరలు మేలు. రిజిస్ట్రేషన్ వివరాలు మారేలా బండిని మార్చాలంటే 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ వర్తిస్తుంది.