తాతది పరిణామం, మనవడిది ఎలక్ట్రాన్

క్వాంటమ్ డాట్‌లో, అంటే ఎలక్ట్రాన్లను బంధించే అతి చిన్న అర్ధవాహక నలుసులో, ఎలక్ట్రాన్ల శక్తి స్థాయిల గురించి ఏ పుస్తకం తెరిచినా ముందుగా తగిలే పేరు 'ఫాక్-డార్విన్'. ఈ డార్విన్ ఎవరా అని ఆరా తీస్తే, సాక్షాత్తూ పరిణామ సిద్ధాంతం చెప్పిన ఆ డార్విన్‌కే మనవడు! చార్లెస్ గాల్టన్ డార్విన్. తండ్రి జార్జి సముద్రపు ఆటుపోట్ల లెక్కలు తేల్చినవాడు. లెక్కలు ఆ ఇంట్లోనే ఉన్నాయన్నమాట.

గిన్నెలాంటి పల్లంలో ఒక్క ఎలక్ట్రాన్‌ను వదిలి, పైనుంచి అయస్కాంత క్షేత్రం పెడితే దానికి ఏయే శక్తులుంటాయి? 1928లో రష్యన్ భౌతికవేత్త వ్లదీమిర్ ఫాక్ ఈ లెక్క తేల్చాడు. 1930లో డార్విన్ కూడా అక్కడికే చేరాడు. ఆయనకు కావలసింది లోహాల్లో స్వేచ్ఛగా తిరిగే ఎలక్ట్రాన్ల అయస్కాంత గుణం. గిన్నె కేవలం లెక్క వీలు కోసం. అలాంటి గిన్నెను ఎవరైనా చేస్తారని ఇద్దరిలో ఎవరూ అనుకుని ఉండరు.

ఫాక్ జీవితం ఇంకో కథ. మొదటి ప్రపంచ యుద్ధంలో వినికిడి దెబ్బతింది. 1937లో పోలీసులు పట్టుకుపోతే, తోటి భౌతికవేత్త కపిత్సా నేరుగా స్టాలిన్‌కు ఉత్తరం రాసి విడిపించాడు. లెనిన్‌గ్రాడ్‌లో ఫాక్ ఏళ్ల తరబడి పనిచేసిన ఆప్టికల్ ఇన్‌స్టిట్యూట్‌లోనే, 1981లో ఎకిమోవ్ గాజులో కాపర్ క్లోరైడ్ నలుసుల సైజు మారితే అవి పీల్చుకునే కాంతి కూడా మారుతుందని చూపాడు. ఆ నలుసులూ క్వాంటమ్ డాట్‌లే; వాటికి ఇచ్చిన 2023 రసాయన నోబెల్ పంచుకున్న ముగ్గురిలో ఎకిమోవ్ ఒకడు. ఈ కాకతాళీయాన్ని ఎవరూ పెద్దగా తలచుకోకపోవడం నాకు వెలితిగానే ఉంది.

ఫాక్, డార్విన్‌ల గిన్నె లెక్క తర్వాత అయిదు దశాబ్దాలు దాదాపు నిశ్శబ్దమే. చిప్పుల కాలం వచ్చి, అలాంటి గిన్నెలను నిజంగానే చేశాకే అసలు చిక్కు ఎదురైంది. గిన్నెలో ఎలక్ట్రాన్లు చాలా ఉంటాయి, ఒకదాన్నొకటి నెట్టుకుంటాయి. ఆ నెట్టుడు చిన్నదేమీ కాదు. రెండు స్థాయిల మధ్య ఎడంతో పోటీ పడుతుంది. అయినా 1989లో హాంబర్గ్‌లో సికోర్‌స్కీ, మెర్క్ట్ ఇండియమ్ యాంటిమొనైడ్ డాట్ల మీద పరారుణ కాంతి వేస్తే, లోపల ఎన్ని ఎలక్ట్రాన్లున్నా ఇంచుమించు ఒకే పౌనఃపున్యాలు కనిపించాయి. కారణం వాల్టర్ కోన్ 1961లో చెప్పిన సూత్రాన్ని తర్వాత ఇలాంటి గిన్నెలకు విస్తరించడంలో ఉంది: గిన్నె సరిగ్గా పారాబోలా ఆకారంలో ఉంటే కాంతి గుంపునంతా కలిపి ఊపుతుంది. లోపలి గొడవ దానికి పట్టదు.

ఆ గొడవను కరెంటే పట్టిచ్చింది. 1996లో జపాన్‌కు చెందిన ఎన్‌టీటీ పరిశోధకుడు తరూచా, నెదర్లాండ్స్‌లోని డెల్ఫ్ట్ మిత్రులు అరమైక్రాన్ వెడల్పు చక్రంలోకి ఎలక్ట్రాన్లను ఒక్కొక్కటిగా ఎక్కించారు. 2, 6, 12 దగ్గర తర్వాతి దాన్ని ఎక్కించడానికి ఎక్కువ శక్తి పట్టింది. ఆ అంకెలు ఒంటరి ఎలక్ట్రాన్ లెక్క చెప్పినవే. కానీ ఆ శక్తి గ్రాఫులో 4 దగ్గర కూడా ఒక చిన్న గుట్ట కనిపించింది. మూడోదీ నాలుగోదీ జత కట్టకుండా వేర్వేరు కక్ష్యల్లో ఒకే దిశ స్పిన్‌తో కూర్చుంటే వాటి మధ్య నెట్టుడు తగ్గుతుంది. పరమాణువుల గురించి హుండ్ చెప్పిన నియమమే ఇది. ఫాక్, డార్విన్ లెక్కలో ఉన్నది ఒక్క ఎలక్ట్రానే కాబట్టి, ఈ గుట్టకు అందులో చోటే లేదు.