“రావు” అను చిన్న పేరు



మన కృష్ణాతీరమున “రావు” లేని వీధి యరుదు. ఈ రెండక్షరముల పేరు ఎచ్చట పుట్టినది, ఎవరి సొత్తు అను ప్రశ్న మన సమావేశములందు తరచు వచ్చుచున్నది. “రావు మన కులచిహ్నము; ఇతరులు తరువాత ధరించిరి” అని కొందరు పెద్దలు చెప్పగా వింటిని. ఈ మాట విచారింపదగినది.

సంస్కృతమున “రావము” అనగా ధ్వని. “రు” ధాతువునుండి పుట్టినది. తెలుగున “నీవు రావు”, “వానలు సకాలమున రావు” అను చోట్ల నున్నది క్రియ. పేరు చివరి రావునకు వీనితో పొత్తు లేదు. ప్రకాశార్థకమగు “రాజ్” ధాతువునుండి “రాజ” శబ్దము వచ్చినది. ప్రాకృతమున జకారము జారి, యకారము చేరి “రాయ” యయ్యెను. అదియే వకారముతో “రావు”గా నిలిచెను. శ్రీకాకుళమున ఆంధ్రవిష్ణువును సేవించిన కృష్ణదేవరాయల పేరిలోని “రాయ”యు, మన సుబ్బారావుల “రావు”ను ఒక తల్లి బిడ్డలే.

ఇది మొదట ప్రభువులకును, అధికారులకును చెల్లిన గౌరవపదము. మహారాష్ట్ర కర్ణాటకములందును వ్యాపించియున్నది. ఆంగ్లప్రభుత్వము “రావుబహద్దూరు” బిరుదము నొసగుచుండెను. నియోగులు, వెలమలు, కమ్మవారు, కాపులు, ఇంక పెక్కు కులములవారు దీనిని ధరించుచున్నారు. చీనాదేశమునను “రావ్” అను వంశనామము కలదు. దాని లిపి వేరు, చరిత్ర వేరు. కావున రావు గౌరవమునకు గుర్తేగాని రక్తసంబంధమునకు సాక్ష్యము కాదు.

వంశమును తెలుపునది ఇంటిపేరు. దానినే మనము నేడు పొడియక్షరమున దాచుచున్నాము. నదీప్రాజెక్టుల నిర్మాణమున ప్రసిద్ధులైన కానూరి లక్ష్మణరావుగారు “కె.ఎల్. రావు” అయిరి, ఇంటిపేరును, పేరును దాగి, రావు మాత్రము మిగిలెను. నందమూరి తారకరామారావుగారి పేరున “రామారావు” అంతయు ఒక్క “ఆర్” అను అక్షరమున నిమిడెను. 2022లో విజయవాడ కేంద్రముగా నేర్పడిన జిల్లాకు “ఎన్టీఆర్” అను పొడియక్షరములే పేరయ్యెను. వారు 1923లో జన్మించిన నిమ్మకూరు మాత్రము కృష్ణాజిల్లాలోనే యున్నది. మహాపురుషుల పొడిపేరులను లోకము విప్పి చదువగలదు. మన పిల్లల పేరులను ఎవరు విప్పుదురు?

నేను ఉపాధ్యాయుడనై యుండగా, ఒకే తరగతిలో “కె. వెంకటేశ్వరరావు”లు ఇద్దరుండిరి. ఒకని యోగ్యతాపత్రమును పొరపాటున రెండవవానికిచ్చితిని. అది మరల చేతికి వచ్చులోపల ఆ బాలుడు కళాశాలలో చేరు గడువు దాటిపోయెను. అతని తండ్రి నన్ను నిందింపలేదు, “మాస్టరుగారూ, మావాని ఇంటిపేరు మీకు తెలియదా?” అని మాత్రమనెను. ఆ ప్రశ్న నేటికిని నా చెవిలో నున్నది.

వివాహసంబంధముల విచారణమునకును, విద్యార్థివేతనముల పంపకమునకును సంఘపు పట్టికయే మనకాధారము. అందు ఇంటిపేరు, వ్యక్తిపేరు, స్వగ్రామము పూర్తిగా వ్రాయింపవలెనని కార్యవర్గమువారికి నా విన్నపము. రావు అందరిది, దానికై వాదమేల? మన ఇంటిపేరులను మాత్రము మనమే కాపాడుకొందము.