సేనాని చేతిలో త్రాసు

నౌకమీద దిగే యుద్ధవిమానానికి తోకక్రింద ఒక ఉక్కు కొక్కెం ఉంటుంది. నౌకపై అడ్డంగా బిగించిన ఇనుప మోకును ఆ కొక్కెం అందుకొంటేనే విమానం నిలుస్తుంది. దానిని ఇంగ్లీషులో టెయిల్‌హుక్ అంటారు. అమెరికా నౌకాదళ వైమానికులు తమ సంఘానికి ఆ పేరే పెట్టుకొన్నారు. 1991 సెప్టెంబరులో లాస్ వేగాస్ నగరంలోని హిల్టన్ హోటలులో ఆ సంఘం 35వ వార్షికసభ జరిగింది. పగటి ఉపన్యాసాలతో మనకు పనిలేదు. రాత్రివేళ మూడవ అంతస్తులో జరిగినదే నేటి ప్రస్తావన.

ఆ నడవలో అధికారులు ఇరుప్రక్కలా బారులు తీరి, ఆ దారిని వచ్చిన స్త్రీలను చుట్టుముట్టి, ఒంటిమీద చేతులు వేసి అవమానించారు. అట్లా చిక్కినవారిలో లెఫ్టినెంట్ పాలా కాగ్లిన్ ఒకరు. ఆమె స్వయంగా హెలికాప్టరు నడిపే అధికారిణి. ఒక రియర్ అడ్మిరల్‌కు సహాయకురాలు. మరునాడే ఆయనతో చెప్పుకొన్నది. ఆయన వెంటనే కదలలేదు. తరువాత నౌకాదళం తన విచారణ తానే జరుపుకొని, ఎందరినో ప్రశ్నించి, అనుమానితులు ఇద్దరే అని తేల్చింది! ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు; ఇక్కడ పట్టబూనినవారు కూడా ఆ ఇంటివారే గదా.

1992 జూన్‌లో కాగ్లిన్ పేరు దాచుకొనక లోకం ముందు మాట్లాడింది. ఆ నెలలోనే నౌకాదళ కార్యదర్శి గారెట్ రాజీనామా చేశాడు. రక్షణశాఖ తనిఖీ అధికారి 1993లో ఇచ్చిన నివేదిక ప్రకారం బాధితులు 90 మంది: 83 మంది స్త్రీలు, 7గురు పురుషులు. చర్య తీసుకోవలసినదిగా 140 మంది అధికారుల దస్త్రాలు నౌకాదళానికి చేరినవి.

ఇక్కడ సైనికన్యాయపు పద్ధతి కొంత తెలియాలి. పౌరజీవితంలో అభియోగం మోపేవాడు నిందితునికి పై అధికారి కాడు. సైన్యంలో అట్లా కాదు. ఎవరిని విచారించాలో, ఎవరిని విడువాలో సేనానియే నిర్ణయించేవాడు; జూరీగా కూర్చునేవారిని కూడా ఆయనే ఎన్నుకొనేవాడు. రణరంగంలో ఆజ్ఞ మీరినవానికి తక్షణం శిక్ష పడాలన్న పూర్వపు అవసరం నుంచి పుట్టిన ఏర్పాటిది. పారిపోయిన సిపాయి విషయంలో ఇది సబబే అనుకొందాం. తోటి అధికారిణిని చెరపట్టబోయినవాని విషయంలో సబబు ఎట్లా అవుతుందో మాకు బోధపడదు.

దీని ఫలితం 1994 ఫిబ్రవరిలో బయటపడింది. అప్పటికి మిగిలిన ముగ్గురు నిందితుల కేసులు న్యాయాధికారి కెప్టెన్ విలియం వెస్ట్ ఎదుటికి వచ్చాయి. నౌకాదళ ప్రధానాధిపతి అడ్మిరల్ కెల్సో ఆ రాత్రి ఆ అంతస్తులోనే ఉన్నాడనీ, దుష్ప్రవర్తనను చూశాడనీ, తన పాత్ర మరుగుపరచేటట్లు వ్యవహారం నడిపాడనీ ఆయన నిర్ణయించాడు. అట్టివాని అధికారంతో విచారణ చెల్లదని అభియోగాలు కొట్టివేశాడు. పెద్దవాని దోషం చిన్నవారికి రక్ష అయింది. కెల్సో ఆ మాటలను ఖండించి, గడువుకు ముందే పదవీవిరమణ చేశాడు. నాలుగు నక్షత్రాల హోదా ఆయనకు నిలపాలా అన్న ప్రశ్నపై సెనేటు 54–43 ఓట్లతో నిలపాలన్నది. 140 మందిలో సైనికన్యాయస్థానంలో శిక్షపడినవాడు ఒక్కడూ లేడు. కొందరికి జరిమానాలు, మందలింపు లేఖలు.

కాగ్లిన్ కొలువు విడిచింది. సేవలో కలిగిన హానికి సైనికులు ప్రభుత్వంపై దావా వేయరాదన్న 1950 నాటి సుప్రీంకోర్టు తీర్పు అడ్డుగా ఉన్నది. ఆమె హోటలుపై వేసిన దావాలో మాత్రం పౌరజూరీ 1994లో ఆమె పక్షాన తీర్పు చెప్పింది. నేరం చేసినవారి యజమాని తప్పించుకోగా, బస ఇచ్చినవాడు పరిహారం చెల్లించవలసి వచ్చింది!

అత్యాచారాది ఘోరనేరాలలో అభియోగ నిర్ణయాన్ని సేనానుల నుంచి తీసి స్వతంత్ర న్యాయవాదుల కప్పగించే శాసనం 2021 డిసెంబరులో వచ్చింది. 2023 డిసెంబరు 28న అమలయింది. కొలువు విడిచి పారిపోవడం, ఆజ్ఞ మీరడం వంటివి మాత్రం ఇప్పటికీ సేనాని చేతిలోనే ఉన్నవి.